ఏ ఊరి మిఠాయి

"మళ్ళీ హకోనే విహారమేనా నగాసే గారూ? పెట్టిపుట్టారు మీరు," అంటూ సెక్షన్ చీఫ్ మొరియామా మిఠాయి పెట్టె విప్పింది. సెలవు పెట్టి ఊరెళ్ళినవాళ్ళు ఆఫీసులో తోటివాళ్ళకి ఆ ఊరి మిఠాయి తేవాలి కదా.

నగాసే తల దించుకున్నాడు.

"ఏ ఊరూ వెళ్ళలేదు మేడమ్. సెలవు పెట్టినప్పుడల్లా మంచం పట్టిన అమ్మ దగ్గరే ఉన్నాను. మన స్టేషన్లో అన్ని ఊళ్ళ మిఠాయిలూ అమ్ముతారు."

ఆమె చేయి పెట్టె మీదే ఆగిపోయింది.

"అమ్మని చూసుకోవడానికి వేరే సెలవుంది కదయ్యా. ఒక్క మాట చెబితే ఇచ్చేవాళ్ళం."

"చెబితే నాకు పెద్ద పనులివ్వరని అమ్మ భయం. ఏ ఊరు పేరు చెప్పాలో తనే చెప్పి పంపేది."

"మరి ఈసారి ఏ ఊరు చెప్పమంది?" ఆమె నవ్వబోయింది.

"చెప్పడానికి అమ్మ లేదండీ. అందుకే పోయినసారిదే మళ్ళీ తెచ్చాను."