కుప్పం గ్రేడర్

‘తొలగించాలా?’ అని స్క్రీన్ అడుగుతోంది. హేమంత్ ఇంకా నొక్కలేదు. తొందరేమీ లేదు. నాలుగు నెలలుగా ఈ నిమిషాన్ని నాలుక కింద దాచుకుని బతికాడు. ఇంకాసేపు చప్పరించాలనిపించింది.

మదనపల్లెలోని ఆ టమోటా కంపెనీ పనంతా క్లౌడ్‌లోనే నడుస్తుంది. దాన్ని చూసుకునేది హేమంత్. అన్నిటికన్నా పైన కంపెనీ అకౌంటు. దాని కింద మదనపల్లె, పుంగనూరు, కుప్పం శాఖల అకౌంట్లు. ఒక్కో శాఖ కింద పనిచేసేవాళ్ళ అకౌంట్లు. పైనున్నవాడు కింద ఎవరినైనా తీసేయగలడు. కిందివాడికి పైన ఏముందో కూడా కనబడదు.

యజమాని గోపాలస్వామికి ఇదంతా మొదట్లో వివరించిందీ అతనే.

"మనుషుల అకౌంట్లకు తలకింతని నెలనెలా కట్టాల్నా?" అన్నాడు గోపాలస్వామి.

"అవును సార్. సర్వీస్ అకౌంటని ఇంకో రకం ఉండాది. అది మెషిన్లకు. దాని ఎనకాల మనిషి ఉండడు. దానికి కట్టే పన్లేదు."

"జొరాలు, సెలవులు, పెండ్లిళ్ళు కూడా ఉండవు గదప్పా దానికి!" గోపాలస్వామి పొట్ట పట్టుకుని నవ్వాడు.

హేమంత్ కూడా నవ్వాడు. ఆ నవ్వుకు తనను తాను ఇంతవరకూ క్షమించుకోలేదు. నెల తిరక్కముందే మెషిన్ వచ్చి అతని చెల్లెలు భవ్య కుర్చీ లాగేసుకుంది.

భవ్య కుప్పం ఆఫీసులో గ్రేడర్. సోమల, గంగవరం, పెద్దతిప్పసముద్రం నుంచి దిగే కాయల ఫోటోలు ఆమె ముందుకు వచ్చేవి. చూసి రకం రాసేది. ఒకటో రకం. రెండో రకం. మచ్చ. పైకి ఎర్రగా మెరుస్తూ, లోపల నీరు పట్టి రెండు రోజుల్లో కుళ్ళేదానికి ‘ఏడుపుకాయ’ అని తనే పేరు పెట్టింది. మూడేళ్ళలో ఆమె చూసి పంపిన లారీ ఒక్కటీ వెనక్కి రాలేదు.

అలాంటి పిల్లను గోపాలస్వామి అందరి ముందూ నిలబెట్టాడు.

"నువ్వు మూడేండ్లు చేసింది ఆ మెషిను మూడు నిమిషాల్లో చేస్తాదమ్మా. పో, పొయ్యి సంగటి గెలకడం నేర్సుకో."

హమాలీలు కూడా నవ్వారు.

మెషిన్‌కు అకౌంటు తెరిచి ఇవ్వాల్సి వచ్చింది హేమంత్‌కే. పేరు ‘కుప్పం గ్రేడర్’. దాని తాళంచెవి లాంటి కోడ్‌ను గోపాలస్వామి చేతికే ఇచ్చాడు. బెంగుళూరు నుంచి ఎవరో వచ్చి బిగించి వెళ్ళారట. హేమంత్ దాన్ని కంటితో చూడనేలేదు.

భవ్య పుంగనూరులోని ఇంటికి తిరిగి రాలేదు. కుప్పంలోనే ఒక డీటీపీ సెంటర్లో పని దొరికిందని, హాస్టల్లోనే ఉంటానని చెప్పింది. ఫోన్ చేస్తే పొడిపొడిగా మాట్లాడేది.

"ఎట్లుండావు?"

"బాగుండాన్నా. నువ్వేం మనసులో పెట్టుకోవద్దు."

"ఆ మెషిన్ గొంతు పిసికేస్తా సూడు, ఒకనాటికి."

"దానికి గొంతు యాడుందిలేన్నా," అని నవ్వింది భవ్య.

గొంతు లేనిదాన్ని ద్వేషించడం కష్టం. హేమంత్ అభ్యాసం చేశాడు. రోజూ ఉదయం రాగానే ముందు దాని పద్దు తెరిచేవాడు. నిన్న ఎన్ని ఫోటోలు చూసింది, వేటికి ఏం రాసింది. ఒకరోజు ఒక ఫోటో కింద ‘ఏడుపుకాయ’ అని కనబడింది. అతనికి ఒళ్ళు మండిపోయింది. చెల్లెలి మూడేళ్ళ రాతలు మింగి, ఆమె మాటనే బయటికి కక్కుతోంది. మధ్యాహ్నం ఒంటిగంటకు అరగంట ఆగడం కూడా ఆమె దగ్గరే నేర్చినట్టుంది. పోయిన నెల రెండు రోజులు అసలు కదలనే లేదు. గోపాలస్వామి ఒక్క మాటనలేదు. భవ్య పది నిమిషాలు ఆలస్యమైతే ఊరంతా వినబడేలా అరిచినవాడు!

ద్వేషానికి ముఖం అక్కర్లేదని అప్పుడు తెలిసింది హేమంత్‌కు. అలవాట్లు చాలు.

ఈరోజు మదనపల్లె ఆఫీసుకు చెన్నై నుంచి ముగ్గురు వచ్చారు. మెషిన్ పని నచ్చితే ఏడాది సరుకంతా వాళ్ళే తీసుకుంటారు. అద్దాల గదిలో పెద్ద తెర మీద ఫోటోల కింద రకాలు టకటకా పడుతున్నాయి. సగం తెరిచిన తలుపులోంచి గోపాలస్వామి గొంతు వినిపిస్తోంది.

"దీని ఎనకాల ఎవురూ లేరు సార్. అంతా దానంతట అదే."

హేమంత్ నొక్కాడు.

కుప్పం శాఖలోంచి కాదు, అన్నిటికన్నా పైనున్న అకౌంటులోంచి. మళ్ళీ తెచ్చుకునే దారి లేకుండా. తీసేసింది ఎవరో పేరుతో సహా నమోదవుతుంది. నమోదైతే కానీ. అతనికి కావలసిందీ అదే. రాజీనామా కాగితం జేబులోనే ఉంది.

పెద్ద తెర మీద ఒక ఫోటో వచ్చి ఆగింది. దాని కింద ఏమీ పడలేదు. ఒక నిమిషం. రెండు. చెన్నైవాళ్ళలో ఒకడు వాచీ చూసుకున్నాడు. గోపాలస్వామి ముఖం పాలిపోయింది. మూలకు వెళ్ళి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఎవరికో ఫోన్ చేస్తున్నాడు. మెషిన్‌కు ఫోన్ చేస్తున్నాడా ఏం? హేమంత్‌కు నవ్వొచ్చింది. నాలుగు నెలల్లో మొదటి నవ్వు.

సెల్ తీసి చెల్లెలికి రాశాడు: ‘గొంతు పిసికేసినా.’

పంపేలోపే అటునుంచి భవ్య మెసేజ్ వచ్చింది.

‘అన్నా, ఆ మెషిన్ పనికిరాక నాలుగు నెలలుగా నన్నే సగం జీతానికి దాని అకౌంటులో కూర్చోబెట్టినారు, నీకు చెప్పొద్దని సార్ ఒట్టేయించుకున్నాడు, ఇప్పుడేమో నా స్క్రీను ఉన్నట్టుండి నల్లగా అయిపొయ్యింది, కొంచెం సూడవా?’