రాయి చెప్పిన మాట

"ల్యాబ్ గిన్నెలు సరిగ్గా కడిగుండవు, అందుకే మధ్య పొర రాయి లెక్క తేడాగా వచ్చింది. థీసిస్‌లోంచి ఆ లెక్క తీసెయ్," అన్నాడు ప్రొఫెసర్. "ఈ కొండ పొరలన్నీ ఒకే మాగ్మా చల్లారి ఏర్పడ్డవి. నా పుస్తకంలో ఉంది."

"రాయి మీ పుస్తకం చదవలేదు సార్," అంది ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి, పళ్ళు బిగబట్టి. "నమ్మకం లేకపోతే మీరే చేసి చూడండి."

ఆయన పంతంగా అన్నీ తనే కడిగి, రాయి తనే నూరి, యాసిడ్‌లో కరిగించాడు. వారం తర్వాత మిషన్ ముందు ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు.

రాయి ఏ మాగ్మాలోంచి పుట్టిందో చెప్పే స్ట్రాన్షియం ఐసోటోపుల లెక్క తెరమీదికొచ్చింది. మధ్య పొరది మళ్ళీ వేరుగానే ఉంది. భూమి లోపల్నుంచి ఇంకో మాగ్మా, వేరే కరిగిన రాయి, వచ్చి కలిసిందన్నమాట.

ఆయన ముఖం కందగడ్డయింది.

"దీని పై పొర రాయి ఉందా?"

"ఉంది."

"ఉంటే పట్రా, ఆ కొత్త మాగ్మా పైదాకా వెళ్ళిందేమో చూద్దాం. కూర్చుని చూస్తావేం?" అని కసిరాడు.

ఆ కోపం తనమీద కాదు, తప్పని తేలిన ఆయన పుస్తకం మీదేనని ఆమెకి మొదటిసారి అర్థమైంది. రాయి తేవడానికి లేచింది.