ఊగని దీపం

లాప్‌టాప్, దాని తీగలు, రెండు జతల బట్టలు, అమ్మ కట్టిచ్చిన వేయించిన చేప. అపొండి సంచి సర్దుకుంటోంది.

తెల్లవారితే నైరోబి బస్సు. అక్కడి ప్రదర్శనలో వాళ్ల వీడియో గేమ్ ఎంపికైతే నిలబడతారు. లేదంటే సరస్సు ఒడ్డున ఉన్న కిసుములోని ఈ మేడగదికి తాళం వేసి నలుగురూ నాలుగు దారులు పట్టాలి.

లాప్‌టాప్ సంచిలో పెట్టబోతూ, మనసు ఊరుకోక ఆటను మరోసారి తెరిచింది.

సరస్సు మీద రాత్రి. వలల చుట్టూ దీపాలు. పైన నిండు చందమామ. గాలివానలో చిక్కుకున్న తండ్రిని ఒక పిల్ల పడవలో వెతికి ఇంటికి తెచ్చుకోవాలి. అదీ ఆట.

ఆ కథ అపొండి వాళ్ల నాన్నదే. ఆమె నాలుగేళ్ల పిల్లగా ఉన్నప్పుడు పడవ తిరగబడితే, వెలుగును చూసుకుంటూ ఈదుకొచ్చానని ఆయన అనేవాడు. అంతకుమించి చెప్పేవాడు కాదు. ఆయన పోయి రెండేళ్లయింది. ఆ వెలుగు వెన్నెలే అనుకుని ఆమె చందమామను నెలల తరబడి దిద్దింది.

వెనక ఎవరో నిలబడ్డట్టు అనిపించి తిరిగి చూసింది. కాపలా ముసలాయన. జబ్బుపడ్డ మేనల్లుడు ఒచోలా బదులు రెండు వారాలుగా కింద గేటు దగ్గర కూర్చుంటున్నాడు. అందరూ తాతా అనే పిలుస్తారు. పేరు అడిగినవాళ్లు లేరు.

ఆయన బల్ల మీదున్న ఆమె నాన్న ఫొటోను చాలాసేపు చూశాడు. తర్వాత తెరను చూశాడు.

"ఇంత వెన్నెల్లో దీపాలెందుకు తల్లీ?"

పక్క బల్ల దగ్గర, నలుగురిలో ఒకడైన ఒదెక్ నవ్వాడు. "తాతకు బొమ్మలో కూడా లైట్లు ఆర్పందే నిద్రపట్టదు."

ముసలాయన నవ్వలేదు. దీపాలతో రప్పించి పట్టే చిన్న ఒమెనా చేప, వెన్నెల ఉంటే దీపం దగ్గరికి రాదన్నాడు. వెన్నెల రోజుల్లో పడవలన్నీ ఒడ్డునే ఉంటాయనీ, అందరూ వలలు బాగుచేసుకుంటారనీ చెప్పాడు.

ఆ గదిలో ఒమెనా తినని రోజు లేదు. రాత్రిపూట సరస్సు మీదికి వెళ్లినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

అపొండి చందమామను తీసేసింది. తెర నల్లబడింది. ఎటు చూసినా ఒకేలా ఉన్న దీపాలు మిగిలాయి. ఒదెక్ పడవ నడిపి చూశాడు. మూడుసార్లూ దారి తప్పాడు.

"ఇల్లు ఎటో తెలియని ఆట ఎవడాడతాడు? చందమామను పెట్టెయ్. నైరోబిలో చేపలు పట్టేవాళ్లు ఉండరులే."

ఆమె వేలు కీబోర్డు మీదికి వెళ్లింది.

"ఒడ్డున ఒక దీపం పెట్టు," అన్నాడు ముసలాయన. "కొంచెం ఎత్తులో."

"అదీ వీటిలో కలిసిపోతుందిగా తాతా."

"నీళ్ల మీదవి ఊగుతాయి. అది ఊగదు. ఊగని దీపమే ఒడ్డు."

అప్పటిదాకా ఆటలో దీపాలన్నీ మేకు కొట్టినట్టు నిలబడి ఉన్నాయి. సర్దిన తీగలు మళ్లీ బయటికొచ్చాయి. చీకటి పడేదాకా కూర్చుని అపొండి ఒక్కో దీపానికీ అల ఊపు నేర్పింది. ఒడ్డుదాన్ని ఒక్కదాన్నే కదలకుండా ఉంచింది.

ఒదెక్ మళ్లీ పడవ తీశాడు. కాసేపు అటూ ఇటూ తిరిగి, ఆగి, తిన్నగా ఒడ్డుకొచ్చేశాడు. ఈసారి వేళాకోళం ఆడలేదు.

"గాలికి ఇది మాత్రం ఊగదా తాతా?" అని అడిగింది అపొండి.

"గాలి ముదిరితే కొయ్యకు తగిలించకూడదు. మనిషే పట్టుకుని నిలబడాలి. తెల్లారేదాకా."

"అంతసేపు ఎవరు నిలబడతారు?"

"ఎవరో ఒకరుంటారు," అని ఆయన మెట్లు దిగిపోయాడు.

పొద్దున గేటు దగ్గర ఆయన భుజానా ఒక సంచి ఉంది. ఒచోలాకు నయమైందట. వెన్నెల రోజులు అయిపోయాయి, దీవిలో పనుంది అన్నాడు.

"పది రోజులు ఆగు తాతా. వచ్చాక ఆటంతా నీతోనే ఆడిస్తాను."

"చీకటి రోజుల్లో కుదరదు తల్లీ. పున్నమికి వస్తాలే."

బస్సు కదిలాక గుర్తొచ్చింది, పేరు అడగలేదని.

నైరోబిలో ఆట ఎంపికైంది. చూసినవాళ్లంతా ఆటలోని ఆ రాత్రి గురించే మాట్లాడారు. ఆట చివర వచ్చే పేర్లలో ఒక చోటు ఖాళీగా ఉంచి, ముసలాయనకు ఒక స్వెటర్ కొని, అపొండి పది రోజులకు తిరిగొచ్చింది.

గేటు దగ్గర ఒచోలా లేచి నిలబడ్డాడు.

"మీ మామయ్య పేరేమిటి ఒచోలా?"

"ఒలాల్."

మిగతాది అతను నేల చూస్తూ చెప్పాడు. రింగిటి దీవి ఒడ్డున ముప్పై ఏళ్లుగా దీపం పట్టింది ఆయనేనట. ఫొటో చూడగానే గుర్తుపట్టాడట, ఇరవై రెండేళ్ల కిందట ఆ దీపం వైపు ఈదుకొచ్చిన మనిషిని. ఆ మాట ఆమెతో అనొద్దన్నాడట.

నవంబరు ఇరవై, అమావాస్య రాత్రి, గాలికి తిరగబడ్డ పడవ కోసం దీపాన్ని భార్య చేతికిచ్చి నీళ్లలోకి దిగిన ఒలాల్ తిరిగి రాలేదు.