డ్రైవరు అక్కర్లేని బెంజి

"ఫోన్లో 'చవక బెంజి కారు' అని వెతికితే మీ ప్రకటనే ముందొచ్చింది. తీరా వస్తే శవపేటిక చూపిస్తావేంటమ్మాయ్?" అన్నాడు లార్యే.

టేషీ ఊళ్లో చేపల్లా, కార్లలా శవపేటికలు చెక్కే వడ్రంగి కూతురు డేడే. ప్రకటన రాసింది తనే. 'శవపేటిక' అని రాస్తే ఎవరూ చూడరని ఆ ఒక్క మాటా దాచేసింది.

"తలుపులు తెరుచుకుంటాయన్నా," అని గొణిగింది.

"పెట్రోలు కూడా అడగదేమో. పోయేలోగా మా నాన్నను సొంత బెంజి ఎక్కిద్దామని రెండు బస్సులు మారి తీసుకొచ్చాను."

డేడే సిగ్గుపడి, ఫోన్ తీసి ప్రకటనలో 'బెంజి' చెరిపేయబోయింది.

"ఉండనీ తల్లీ," అన్నాడు ముసలాయన, పేటిక లోపలి పట్టుగుడ్డ తడుముతూ. "నలభై ఏళ్లు దొరల బెంజిలు తోలాను. పని కాగానే దిగమనేవాళ్లు. దీన్లోంచి నన్నెవరూ దిగమనరు."

కొడుకు వైపు తిరిగాడు.

"బేరమాడరా."