రెండో రంధ్రం

"ఇది పాడైపోయిందండీ. పాడైందని ఒక్క మాట చెప్పండి, చాలు," అంటూ ఆవిడ మౌతార్గాన్‌ని గాజు బల్ల మీద పెట్టింది.

కొట్టు యజమాని కళ్ళజోడు పైకి తోసుకుని ఆవిడకేసి ఎగాదిగా చూశాడు. ముప్పై ఏళ్ళుగా వాద్యాలు అమ్ముతున్న మనిషి. ఆయన సరుకుకి ఆయన ముందే వంక పెట్టాలంటే చాలా గుండె ధైర్యం కావాలి. పైగా పక్క స్టూలు మీద బ్యాండు మేస్త్రి కూర్చుని క్లారినెట్‌కి రీడ్లు ఏరుకుంటున్నాడు. వినేవాళ్ళుంటే చాలు, యజమాని నోటికి పట్టపగ్గాలుండవు.

"ఏమైందమ్మా దీనికి?"

"రెండో రంధ్రం పలకట్లేదండీ. ఊదితే ఫరవాలేదు. గాలి లోపలికి పీలిస్తే మాత్రం బుస్సుమంటుంది. మిగతావాటిలోనూ రెండేసి స్వరాలు కలిసిపోయి వస్తున్నాయి."

"వాయించేదెవరు?"

"మావారు. కొని ఇరవై రోజులైంది. పొద్దున్నా సాయంత్రం దాంతోనే కుస్తీ."

యజమాని మేస్త్రికి కన్ను కొట్టాడు. "విన్నావా? నెలకి పదిమంది వస్తారు, అందరిదీ ఇదే గోల. మొదటిది పాడవదు, మూడోది పాడవదు, అదేం విడ్డూరమో అందరికీ రెండోదే పాడవుతుంది! కొత్తవాళ్ళకి ఓ పట్టాన లొంగని రంధ్రం అది. చేతకాక, సరుకు మీద పడతారు."

"నా క్లారినెట్టు కొత్తలో బాతులా అరిచేది," అన్నాడు మేస్త్రి. "మా ఆవిడ ఆర్నెల్లు చెవుల్లో దూది పెట్టుకుని కాపురం చేసింది."

ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. చేతిసంచీ పిడిని మెలిపెడుతూ అలాగే నిలబడింది.

యజమాని మౌతార్గాన్‌ని స్పిరిట్ దూదితో తుడిచాడు. అరచేతిలోకి దులిపాడు. పెదాలు సున్నాలా చుట్టి, రెండో రంధ్రంలోంచి తాపీగా గాలి పీల్చాడు. ఖంగుమంది. ఒక్కటంటే ఒక్క స్వరం, మచ్చుకైనా బుస లేదు. కావాలని ఇంకాస్త సాగదీసి, ఠక్కున ఆపాడు.

ఆవిడ ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"విన్నారుగా? నిక్షేపంలాంటి సరుకు. బుగ్గలతో జుర్రకూడదమ్మా, పొట్టలోంచి నెమ్మదిగా తీసుకోవాలి. మీవారికి ఆ మాట చెప్పండి."

"పుస్తకంలో ఎలా ఉంటే అలాగే చేస్తున్నారండీ. రావట్లేదు." ఆవిడ గొంతు తగ్గించింది. "అన్నయ్యగారూ, ఇది పాడైందని ఒక చీటీ మీద రాసివ్వండి."

"అదేమిటమ్మా! ఇప్పుడేగా పలికింది!"

"నాకు మార్చి ఇవ్వక్కర్లేదు. డబ్బూ వద్దు. కావాలంటే ఇంకొకటి కొంటాను. 'లోపం దాన్లో ఉందో నాలో ఉందో కొట్టాయన్నే అడిగిరా' అని పంపించారు. మీ మాటైతేనే నమ్ముతారు."

"అందుకని నా పరువు నేనే తీసుకోవాలా? రేపు ఆ చీటీ పదిమంది చూస్తే ఇక ఈ కొట్టు మొహం చూసేదెవరు?"

"ఎవరికీ చూపించను. నా పిల్లల మీద ఒట్టు."

"మొగుడికి వాయించడం రాదని పెళ్ళాం ఇంత అవస్థ పడటం నేనెక్కడా చూళ్ళేదు," అన్నాడు మేస్త్రి. యజమానికి ఆ మాట మహా నచ్చింది.

సంచీలో ఫోన్ మోగింది. ఆవిడ తీయలేదు. ఆగి, మళ్ళీ మోగింది. అటు తిరిగి చెవి దగ్గర పెట్టుకుంది.

"ఆఁ, కొట్లోనే ఉన్నానండీ... అడిగాను... దాన్లోనే ఉందిట లోపం. లోపల రేకు విరిగిందన్నారు... ఆయనకెందుకండీ ఇవ్వడం, పనిలో ఉన్నారు..."

రేకు విరిగిందా! యజమానికి ఒళ్ళు మండిపోయింది. "ఇలా ఇవ్వండమ్మా," అంటూ చెయ్యి చాపాడు. ఆవిడ ఫోన్‌ని గుండెకి అదుముకుంది.

"మీ కాళ్ళు పట్టుకుంటాను. అవునని ఒక్క ముక్క అనండి. మీ సొమ్మేం పోతుంది?"

ఎవరు వింటారు? ఆయన ఫోన్ లాక్కున్నాడు. మేస్త్రికి కూడా వినపడాలని స్పీకర్ నొక్కి బల్ల మీద పెట్టాడు.

"నమస్కారమండీ. కొట్టు యజమానిని. మీ ఆవిడగారు చెప్పింది శుద్ధ అబద్ధం. రేకూ విరగలేదు, ఏమీ విరగలేదు. వినండి." మౌతార్గాన్ అందుకుని రెండో రంధ్రం మరోసారి పలికించాడు. గోడకి వేలాడే గిటార్ తీగలు సన్నగా జుమ్మన్నాయి. "చూశారా మాస్టారూ? లోపమంతా మీ ఊపిరిలో ఉంది!"

మేస్త్రి తొడ చరుచుకుని నవ్వాడు. ఆవిడ బల్ల అంచు పట్టుకుని, ఉన్నచోటే నేల మీద కూలబడింది.

ఫోన్‌లోంచి దగ్గు వినపడింది. ఎంతకీ తెగలేదు. మేస్త్రి నవ్వు ఆపేశాడు. దగ్గు ఆగాక ఒక మెత్తటి గొంతు, మాటమాటకీ ఆగుతూ, ఎంతో మర్యాదగా పలికింది.

"చాలా థాంక్సండీ. నెలరోజులుగా అడుగుతున్నా ఈ ముక్క డాక్టరూ చెప్పలేదు, మా ఆవిడా చెప్పలేదు. నాకింకా ఎన్నాళ్ళుందో, అది కూడా మీరే చెప్పి పుణ్యం కట్టుకోండి."