పరిగె

యాసంగి నాట్లు అయిపోవస్తున్నాయి. ఈసారి కోతలకు వరికోత మిషన్లు డ్రైవర్లు లేకుండానే ఊళ్లు తిరుగుతాయి. బయల్దేరేలోపు నీ పనితనమంతా మిషన్‌కు అప్పజెప్పమని డ్రైవర్ లింగమూర్తితో అన్నాడు ఓనరు. అతను బ్లేళ్లకు గ్రీజు పూస్తూ వారం నుంచి అదే చేస్తున్నాడు. మిషన్ అతని గొంతుతోనే మాట్లాడటం కూడా నేర్చింది.

"గట్టు మలుపుకాడ ప్రతిసారి బ్లేడు మూరెడు లేపుతవు. ఎందుకు?" అని పాత కోతల రికార్డులు చూసి అడిగింది మిషన్.

ఇరవై ఏళ్లలో ఆ సంగతి అడిగినవాళ్లు లేరు. లింగమూర్తి ఛాతీ ఉబ్బింది.

"పరిగె ఏరుకునేటోళ్లకు నాలుగు కంకులు మిగలాలె గద. మా అవ్వ మమ్ముల ఆ గింజలతోనే సాదింది."

"నేల ఎత్తుపల్లాలకు లేపుతున్నవనుకున్న. ఇగ లేపను," అంది మిషన్.

అతను నోరు తెరిచేలోపే, నాట్లేసి మోకాళ్లదాకా బురదతో వచ్చిన భార్య ఎల్లవ్వ మిషన్ అవతలి పక్కన నిలబడింది.

"నీ పని పోతే పోనియ్యి. కోతలైనంక ఇద్దరం పరిగెకు పోదాం. తిండిగింజలన్న దొరుకుతయి గద?"

"దొరకయి," అంది మిషన్, లింగమూర్తి గొంతుతో.

మొగుడే అన్నాడనుకుంది ఎల్లవ్వ. "నీకెట్ల తెలుసు?"

"నేనే నేర్పిన," అన్నాడు లింగమూర్తి. ఈసారి మాట్లాడింది అతనే.