తలుపు పట్టేసింది

“ఛీ, ఆపెయ్. చూడలేకపోతున్నా,” అంది అత్తగారు.

కోడలు రిమోట్ ముట్టుకోలేదు. టీవీలో కొరియా డ్రామా నడుస్తోంది, తెలుగు మాటలతో. పన్నెండో ఎపిసోడ్. హీరో మనసు జబ్బులకు మందిచ్చే డాక్టరు. ప్రేమించిన పిల్లను కొండ మీది ఇంట్లో, మేడ గదిలో ఉంచాడు. పక్కన కూచుని చెంచాతో సూప్ తాగిస్తున్నాడు. వెనక పియానో మోగుతోంది.

“బయట లోకం మంచిది కాదు. నీకేమైనా అయితే నేను బతకలేను. అందుకే ఈ తాళం,” అన్నాడు హీరో. అంటూనే ఏడ్చాడు.

“ఏడుపొకటి మళ్ళీ,” అంది అత్తగారు. “తాళం వేసినవాడు ఏడవడమేంటే? ఆ చెంచా వాడి గొంతులో దింపేస్తే సరి.”

“వాడికి ప్రేమ ఉంది అత్తయ్యా. అది మాత్రం నిజం.”

“నీ మొహం. కోడిని గంప కింద మూసేవాడికి కూడా కోడి మీద ప్రేమే.”

“మరి రోజూ ఎందుకు చూస్తారు?”

“ఏం చెయ్యమంటావు? వీధిలోకెళ్ళి తొక్కుడుబిళ్ళ ఆడనా?”

అత్తగారి ఒళ్ళో కొడుకు తెల్లచొక్కా ఉంది. మూడో గుండీ ఊడింది. తెల్లదారం అయిపోయి నాలుగు రోజులైంది. కొడుకు తేవడం మర్చిపోతున్నాడు. ఇంట్లో ఉన్న నీలం దారంతోనే కుడుతోంది.

టీవీలో హీరో దువ్వెన తీసుకుని ఆ పిల్ల తల దువ్వడం మొదలుపెట్టాడు. పాట వచ్చింది. ఆ పిల్ల కళ్ళు మూసుకుని వాడి భుజం మీద వాలింది.

“వాలింది చూడు,” అంది అత్తగారు. “సిగ్గు లేకపోతే సరి.”

రెండయింది. ఆమె ఫోన్ మోగింది. వీడియో కాల్.

“తిన్నారా అమ్మా?” అన్నాడు కొడుకు.

“తిన్నాం రా.”

“తనేదీ?”

అత్తగారు ఫోన్ తిప్పి పట్టుకుంది. కోడలు చెయ్యి ఊపింది.

“సరే. ఆరింటికి వస్తా. ఏమైనా తేవాలా?”

“దారం. తెల్లది. పొద్దున్న వేలికి ముడేసి పంపాల్సింది నీకు.”

కొడుకు నవ్వి పెట్టేశాడు.

“చూశావా మనవాడు,” అంది అత్తగారు. “ఏ మొగుడు రోజూ టంచనుగా ఫోన్ చేసి తిన్నావా అని అడుగుతాడు?”

కోడలు గోడ గడియారం చూసింది. ఆ పూట అది ఆరోసారి.

“ఎన్నింటికన్నాడు ఆ కొరియర్?” అంది అత్తగారు, గొంతు తగ్గించి.

“రెండున్నర లోపు.”

రావలసింది ఆసుపత్రి ల్యాబ్ నుంచి కోడలికి ఉద్యోగం ఉత్తరం. మనిషి ఎదురుగా నిలబడి ఆధార్ కార్డు చూపించాలి, సంతకం పెట్టాలి. కొరియర్ ఫోటో తీసుకుంటాడు. ఇవాళ అందకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. ఉద్యోగం జాబితాలో తర్వాతి వాళ్ళకి పోతుంది. దరఖాస్తు పెట్టింది అత్తగారి ఫోన్లోనే, ల్యాబ్ వాళ్ళు ప్రశ్నలడిగిందీ ఆ ఫోన్లోనే. కొడుక్కి తెలియదు. అత్తగారికి తెలుసు. కొడుకు దగ్గర తెలియనట్టు ఊరుకుంది.

“ఆ కొరియర్ వస్తే ఏం చెబుతారు అత్తయ్యా?”

“అది నేను చూసుకుంటాలే. నువ్వు టీవీ చూడు.”

టీవీలో హీరో కారెక్కి ఊళ్ళోకి వెళ్ళాడు. కాసేపటికి గేటు దగ్గర పోస్ట్‌మ్యాన్ సైకిల్ ఆపి, ఎవరూ లేరా అని కేకేశాడు. మేడ గది కిటికీలోకి ఆ పిల్ల వచ్చి నిలబడింది.

అత్తగారు సూది ఆపింది. “చెప్పు,” అంది టీవీతో. “నోరు తెరువు. వాడు నన్ను లోపల పెట్టి తాళం వేశాడని చెప్పు.”

ఆ పిల్ల నవ్వింది. “తలుపు పట్టేసిందండీ. ఆయనొచ్చి తీస్తారు. రేపు రండి,” అంది.

పోస్ట్‌మ్యాన్ టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

“థూ,” అంది అత్తగారు. “వాడొక్కడే అనుకున్నా, ఇద్దరూ ఇద్దరే. వాడు తాళం వేస్తే ఇది దాన్ని కొంగు కింద దాస్తోంది. ఒక్క ముక్క చెబితే నోటి ముత్యాలు రాలిపోతాయా?”

“పరువు పోతుందనుకుందేమో.”

“ఎవరి పరువే?”

“వాడిది.”

“వాడికి పరువొకటి ఏడ్చిందా? ఇలాంటిదాన్ని చూస్తే నాకు వాడి మీద కంటే ఎక్కువ ఒళ్ళు మండుతుంది.”

బెల్ మోగింది.

కోడలు రిమోట్ నొక్కింది. టీవీలో ఆ పిల్ల సగం తెరిచిన నోటితో ఆగిపోయింది. కోడలు లేచి జుట్టు సవరించుకుంది. దిండు కింద నుంచి కార్డు తీసి తలుపు ముందు నిలబడింది. గడియ మీద చెయ్యి వెయ్యలేదు. అత్తగారి వైపు చూసింది.

“కొరియర్ అమ్మా,” అని బయట నుంచి గొంతు వచ్చింది. “సంతకం కావాలి.”

అత్తగారు చొక్కాతోనే లేచి వచ్చింది. సూది నీలం దారానికి వేలాడుతోంది. కోడలి మొహం చూసింది, చేతిలో కార్డు చూసింది. ఒకసారి నోరు తెరిచింది, మూసుకుంది. మళ్ళీ తెరిచింది.

“తలుపు పట్టేసింది నాయనా,” అంది. “మా అబ్బాయి ఆరింటికొచ్చి తీస్తాడు. రేపు రా.”

బయట ఇనుము తలుపుకి తగిలిన చప్పుడైంది.

“పట్టేయడమేంటమ్మా,” అన్నాడు కొరియర్, “బయట ఇంత తాళం వేలాడుతుంటే?”